పేగు పొర ప్రొటీన్లు చెడి జబ్బు వస్తుందా, జబ్బు వచ్చి అవి చెడతాయా? (అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్)

వేణువు
అందరికీ నమస్తే. నాకు అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు) ఉంది, మెసాలమిన్ అనే వాపు తగ్గించే మందు మీద కొన్నేళ్లుగా బాగానే నడుస్తోంది. ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే మాట. పేగు లోపలి పొరలో కణాలను కలిపి ఉంచే ప్రొటీన్లు ఊడిపోతాయట, అందుకే ఈ జబ్బట, వాటిని బాగు చేసుకుంటే మందులే అక్కర్లేదట. దాని కిందే కొల్లాజెన్ పొడి, గ్లుటమిన్ పొడి అమ్మే లింకు. అమ్మేవాళ్ల గొడవ పక్కన పెట్టండి, నాకు అసలు సంగతి కావాలి. ఆ ప్రొటీన్లు ఏవి, నిజంగా ఊడిపోతాయా, ఏది ముందు ఏది వెనక? కాస్త ఓపిగ్గా చెప్పండి, నేను కామర్స్ చదివినవాణ్ణి.

సూక్ష్మదర్శిని
వేణువు గారూ, నేను కణాల అతుకుల మీదే రీసెర్చ్ చేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, భరించండి.

పేగు లోపలి పొర అంటే ఒకే ఒక్క వరస కణాలు. అంతే. కోటానుకోట్ల బ్యాక్టీరియా ఒకవైపు, మీ రక్తనాళాలు, రోగనిరోధక కణాలు ఇంకోవైపు, మధ్యలో ఆ ఒక్క వరస. పైగా ఆ కణాలు మూడు నుంచి అయిదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఇంత రాకపోకల్లోనూ సందు పడకుండా ఉండాలంటే పక్కపక్క కణాల మధ్య అతుకులు గట్టిగా ఉండాలి. అవి మూడు రకాలు. అన్నిటికన్నా పైన, అంటే పేగు బోలు వైపు ఉండేది టైట్ జంక్షన్. దాని కింద అడ్హెరెన్స్ జంక్షన్, ఇక్కడ ముఖ్యమైన ప్రొటీన్ ఈ-క్యాడ్హెరిన్. ఇంకా కింద డెస్మోజోమ్‌లు, వీటిలో డెస్మోగ్లీన్-2 లాంటివి ఉంటాయి, లోపల కెరాటిన్ పోగులకు కట్టేసి ఉంటాయి. బలం కింది రెండింటిది, వడపోత పైదానిది.

టైట్ జంక్షన్‌ను 1963లో ఫార్కర్, పలాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి వర్ణించారు. అక్కడ ఉండే ప్రొటీన్ల పేర్లు తెలియడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. 1986లో జెడ్‌ఓ-1, 1993లో ఆక్లూడిన్, 1998లో క్లాడిన్-1, క్లాడిన్-2. చివరి మూడూ జపాన్‌లో షోయిచిరో సుకిత బృందం పట్టుకున్నవే. తర్వాత క్లాడిన్ల కుటుంబం పెద్దదని తేలింది, క్షీరదాల్లో 27 దాకా ఉన్నాయి. వీటిలో కొన్ని దారి మూస్తాయి, కొన్ని దారి తెరుస్తాయి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మీ ప్రశ్నకు జవాబు సగం అక్కడే ఉంది.

రాత్రిషిఫ్ట్
నాది క్రోన్స్, అదీ పేగు వాపు జబ్బే. "కొన్ని తెరుస్తాయి" అంటే ఏంటి బ్రదర్? అతుకు ప్రొటీన్ అన్నాక మూయాలి కదా?

సూక్ష్మదర్శిని
అదే కదా తమాషా. టైట్ జంక్షన్ అంటే సీలు వేసిన గోడ అనుకుంటారు, కానీ అది పూర్తిగా మూసుకుపోతే సోడియం, నీరు అటూ ఇటూ కదిలే ఒక ముఖ్యమైన దారి పోతుంది. అక్కడ చిన్న రంధ్రాలు కావాలి. క్లాడిన్-2 అలాంటి రంధ్రం చేస్తుంది, సోడియం లాంటి చిన్న ధన అయాన్లూ నీరూ మాత్రమే పడతాయి అందులో. దాన్ని పోర్ దారి అంటారు, వెడల్పు 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). రెండోది లీక్ దారి, సుమారు 100 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా ఉన్న పెద్ద అణువులు కూడా కొద్దికొద్దిగా జారతాయి. మూడోదాన్ని దారి అనకూడదు నిజానికి, కణాలే చచ్చిపోయి పుండు పడితే బ్యాక్టీరియాతో సహా ఏదైనా వెళ్తుంది.

ఇప్పుడు మీ జబ్బుకు వద్దాం. రోగుల బయాప్సీలు చూస్తే క్లాడిన్-2 తగ్గదు, పెరుగుతుంది. క్రోన్స్‌లోనూ, అల్సరేటివ్ కొలైటిస్‌లోనూ. ఐఎల్-13, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు సంకేతాలు దాని ఉత్పత్తిని పెంచుతాయి. అదే సమయంలో దారి మూసే క్లాడిన్లు తగ్గుతాయి. క్రోన్స్ చురుగ్గా ఉన్నవాళ్లలో క్లాడిన్-5, క్లాడిన్-8 తగ్గడమే కాదు, ఉన్నవి కూడా అతుకు దగ్గర కాకుండా వేరేచోట కనిపించాయి. అల్సరేటివ్ కొలైటిస్‌లో క్లాడిన్-4, క్లాడిన్-7 తగ్గినట్టు చూశారు. జబ్బు సద్దుమణిగిన క్రోన్స్ రోగుల్లో ఈ మార్పులు కనిపించలేదు, ఈ ముక్కను పొడులు అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పరు.

వేణువు
అంటే ఊడిపోవడం కాదన్నమాట, ఒకటి పోయి ఇంకొకటి వస్తోంది. మరి ఆక్లూడిన్?

సూక్ష్మదర్శిని
ఆక్లూడిన్‌ను కణమే లోపలికి మింగేస్తుంది. ప్రతి కణానికీ మెడ దగ్గర ఆక్టిన్, మయోసిన్ పోగులతో ఒక వలయం ఉంటుంది, టైట్ జంక్షన్ దానికి జెడ్‌ఓ-1 ద్వారా కట్టి ఉంటుంది. టీఎన్‌ఎఫ్ వచ్చినప్పుడు ఎంఎల్‌సీకే అనే ఎంజైమ్ పెరుగుతుంది, అది మయోసిన్‌ను ఉసిగొల్పుతుంది, సంచి మూతి తాడు లాగినట్టు ఆ వలయం బిగుసుకుంటుంది. కణం మెడ లోపలికి ముడుచుకునేసరికి పక్క కణంతో ఉన్న అతుకు మీద లాగుడు పడుతుంది, ఆక్లూడిన్ బుడగల్లోకి చేరి లోపలికి పోతుంది, లీక్ దారి వెడల్పవుతుంది. ఇందులో కణం చావలేదు, పుండు లేదు. సంకేతం ఆగితే అతుకు మళ్లీ మామూలవుతుంది. అమెరికాలో జెరాల్డ్ టర్నర్ బృందం ఏళ్ల తరబడి దీని మీదే పనిచేసింది.

వార్డురౌండు
గ్యాస్ట్రో ట్రైనింగ్‌లో ఉన్నాను, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. సూక్ష్మదర్శిని గారు చెప్పింది వార్డులో ఎలా కనిపిస్తుందో చెబుతా. జబ్బు విజృంభించినప్పుడు వచ్చే విరేచనాలకు ఒక కారణం ఇదే. పెద్దపేగు చేయాల్సిన పని సోడియం పీల్చుకోవడం, దాని వెనకే నీరు వస్తుంది. పీల్చుకున్న సోడియం, నీరు మళ్లీ క్లాడిన్-2 రంధ్రాల్లోంచి వెనక్కి కారిపోతే మలం పలచబడుతుంది. సోడియం పీల్చే ఛానళ్లు కూడా వాపులో తగ్గిపోతాయి, రెండూ కలిసి దెబ్బ కొడతాయి.

ఏది ముందు అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నిక్కచ్చిగా జవాబు చెప్పే ప్రయోగం 2009లో ఎలుకల మీద చేసింది. ఎంఎల్‌సీకే ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా ఎలుకల్ని తయారుచేశారు, అంటే పుట్టుకతోనే లీకున్న పేగు. వాటి పేగు పొరలో రోగనిరోధక కణాల హడావుడి కొంచెం పెరిగింది గానీ కొలైటిస్ రాలేదు. హాయిగా తిని తిరిగాయి. కానీ వాటికి కొలైటిస్ తెచ్చే టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) ఎక్కించినప్పుడు మాత్రం మామూలు ఎలుకల కన్నా తొందరగా, తీవ్రంగా జబ్బు వచ్చింది. లీకు ఒక్కటే చాలదు, కానీ వేరే కారణం తోడైతే అది ఆజ్యం పోస్తుంది.

నిప్పులేనిపొగ
క్షమించాలి, నేను ఒప్పుకోను. మీరిద్దరూ అతుకుల్ని బాధితుల్లా చూపిస్తున్నారు. 2009లోనే బ్రిటన్‌లో చేసిన జన్యు అధ్యయనంలో అల్సరేటివ్ కొలైటిస్ రిస్కుతో ముడిపడి బయటపడిన చోట్లు చూడండి. సీడీహెచ్1, అంటే ఈ-క్యాడ్హెరిన్ జన్యువు ఉన్న చోటు. ఎల్‌ఏఎంబీ1, అంటే కణాలు కూర్చునే అడుగు పొరలో ఉండే లామినిన్ ముక్క. హెచ్‌ఎన్‌ఎఫ్4ఏ, ఇది పేగు కణాల జన్యువులను నడిపించేది. మూడూ గోడకు సంబంధించినవే. కెరాటిన్-8 తీసేసిన ఎలుకలకు 1994లోనే కొలైటిస్ వచ్చింది. మ్యూసిన్-2, అంటే పేగు మీది జిగటకు ప్రధాన ప్రొటీన్, తీసేసిన ఎలుకలకు ఎవరూ ఏమీ చేయకుండానే కొలైటిస్ వస్తుంది. ఇన్ని చెప్తుంటే గోడ అమాయకురాలంటే ఎలాగండి?

వార్డురౌండు
అమాయకురాలని నేననలేదు సర్, ఒంటరిగా నేరం చేయదన్నాను :)

మీరు చెప్పిన జన్యువులు నిజమే. కానీ క్రోన్స్‌లో మొదట దొరికిన, ఇప్పటికీ బలమైన జన్యువు నోడ్2, 2001లో. అది బ్యాక్టీరియాను గుర్తుపట్టే ప్రొటీన్. తర్వాత ఐఎల్23ఆర్, ఏటీజీ16ఎల్1. ఇవి ఇమ్యూనిటీ వైపువి. ఇప్పటికి 200 దాటిన రిస్కు చోట్లలో గోడవి కొన్ని, ఇమ్యూనిటీవి చాలా. ఒక్కొక్కదాని ప్రభావం చిన్నది. ఇక కెరాటిన్-8 ఎలుకల కొలైటిస్ యాంటీబయాటిక్ ఇస్తే తగ్గింది, అంటే బ్యాక్టీరియా చేయి కూడా ఉంది. గోడ, బ్యాక్టీరియా, ఇమ్యూనిటీ, ఈ మూడింట్లో ఏ ఒక్కదాని మీదా మొత్తం తప్పు వేయలేం.

మీ వైపు బలమైన సాక్ష్యం ఒకటి నేనే ఇస్తాను. క్రోన్స్ రోగుల దగ్గరి బంధువులు, ఏ జబ్బూ లేనివాళ్లు, పధ్నాలుగు వందల మందికి పైగా ఉన్న అధ్యయనం 2020లో వచ్చింది. లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు చక్కెరలు తాగించి మూత్రంలో ఎంత వచ్చిందో కొలుస్తారు, పెద్ద చక్కెర ఎక్కువ వస్తే పేగు లీకు ఎక్కువని అర్థం. అలా లీకు ఎక్కువున్నవాళ్లలో తర్వాతి కాలంలో క్రోన్స్ వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు. జబ్బు బయటపడడానికి ముందే లీకు ఉందన్నమాట.

నిప్పులేనిపొగ
ఆ చివరి పేరా మొదటే రాసుంటే నేను ఇంత ఆవేశపడేవాణ్ణి కాదుగా.

సూక్ష్మదర్శిని
నిప్పులేనిపొగ గారు మ్యూసిన్-2 ఎత్తారు కాబట్టి దాని గురించి చెప్పాలి. వేణువు గారి జబ్బుకు అతుకుల కన్నా అదే దగ్గర అని నా అభిప్రాయం, జనం అతుకుల మోజులో పడి దీన్ని మర్చిపోతున్నారు.

పెద్దపేగులో కణాల మీద రెండు జిగట పొరలుంటాయి. పైది వదులుగా, బ్యాక్టీరియాతో నిండి ఉంటుంది. లోపలిది కణాలకు అతుక్కుని, దట్టంగా ఉంటుంది, ఆరోగ్యంగా ఉంటే అందులో బ్యాక్టీరియా దాదాపు ఉండదు. ఈ సంగతి స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ బృందం 2008లో చూపించింది. రెండు పొరలకూ ప్రధాన సరుకు మ్యూసిన్-2 అనే ఒక్క ప్రొటీనే. 5000కు పైగా అమైనో ఆమ్లాల పొడవు, దాని బరువులో ఎక్కువ భాగం దానికి తగిలించిన చక్కెర గొలుసులే. పేగు పొరలోని గాబ్లెట్ కణాలే దాన్ని తయారుచేసి, మడిచి దాచి, విడుదల చేస్తే నీటిని పీల్చుకుని వల లాగా విచ్చుకుంటుంది. చురుకైన అల్సరేటివ్ కొలైటిస్‌లో గాబ్లెట్ కణాలు తగ్గుతాయి, లోపలి పొర పలచబడుతుంది. బ్యాక్టీరియా సైజులో ఉండే పూసలు వేసి చూస్తే ఆరోగ్యవంతుల జిగట పొర వాటిని దూరంగా ఆపింది, రోగుల పొరలోంచి అవి దూరాయి. రెమిషన్‌లో, అంటే జబ్బు సద్దుమణిగి, ఉన్న కొందరిలో కూడా దూరాయి.

క్లాడిన్ రంధ్రంలోంచి బ్యాక్టీరియా రాలేదు, అది అయాన్ల సైజు. బ్యాక్టీరియా కణాల దాకా రావాలంటే ముందు ఈ పొర చెడాలి.

రాత్రిషిఫ్ట్
నా బయాప్సీ రిపోర్టులో కూడా గాబ్లెట్ సెల్ డిప్లీషన్ అని రాశారు, ఇన్నాళ్లూ అదేదో చిన్న విషయం అనుకుని దాటేశాను.

వార్డురౌండు
మామూలుగా రాసే మాటే, కంగారు పడకండి. వాపు ఉంటే గాబ్లెట్ కణాలు తగ్గుతాయి, వాపు తగ్గాక తిరిగి వస్తాయి. ఆ ఒక్క మాట చూసి ఏదీ తేల్చరు.

సూక్ష్మదర్శిని
ఇంకొకటి, ఇది కొత్తది కాబట్టి చాలామందికి తెలియదు. 2021లో జపాన్‌లో క్యోటో బృందం అల్సరేటివ్ కొలైటిస్ రోగుల రక్తంలో ఇంటెగ్రిన్ ఆల్ఫా-వి బీటా-6 అనే పట్టు ప్రొటీన్ మీద యాంటీబాడీలు కనుక్కుంది. పది మందిలో తొమ్మిది మందికి పైగా ఉన్నాయి, జబ్బు లేనివాళ్లలో చాలా అరుదు. ఆ ఇంటెగ్రిన్ పేగు కణాల మీద ఉండి ఫైబ్రోనెక్టిన్ లాంటి అడుగు ప్రొటీన్లను పట్టుకుంటుంది. ఈ యాంటీబాడీలు ఆ పట్టును అడ్డుకుంటాయి. తర్వాత దాచిపెట్టిన పాత రక్త నమూనాలు తీసి చూస్తే, జబ్బు బయటపడడానికి పదేళ్ల ముందు నుంచే కొందరిలో ఇవి ఉన్నాయి. కణం పక్క కణాన్ని పట్టుకునే చోటే కాదు, కింద కాలు మోపే చోట కూడా తేడా ఉండొచ్చన్నమాట. ఇవే జబ్బు తెస్తున్నాయా, లేక రాబోయే జబ్బుకు గుర్తు మాత్రమేనా అన్నది ఇంకా తేలాల్సిన విషయం.

చిలకపచ్చ
కొత్త మెంబర్‌ని. మా అమ్మకు కొలైటిస్. ఆవిడ వాడే వెడోలిజుమాబ్ అనే మందు ఇంటెగ్రిన్ మీద పనిచేస్తుందని డాక్టర్ గారు చెప్పారు. ఇదేనా అది? అంటే ఆ మందు అమ్మ పేగు గోడను ఇంకా వదులు చేస్తుందా? చదువుతుంటే టెన్షన్ వచ్చేసింది.

వార్డురౌండు
కాదమ్మా, అది వేరే ఇంటెగ్రిన్. వెడోలిజుమాబ్ ఆపేది ఆల్ఫా-4 బీటా-7, అది తెల్లకణాల మీద ఉంటుంది. ఆ కణాలు రక్తనాళం గోడ మీద మ్యాడ్‌క్యామ్-1 అనే ప్రొటీన్‌ను పట్టుకుని పేగులోకి దిగుతాయి, మందు ఆ పట్టు తప్పిస్తుంది. పేగు కణాల కాళ్లను అది ముట్టుకోదు. అమ్మగారి మందు ఆపకండి.

వేణువు
ఇప్పుడు నా అసలు ప్రశ్న. కొల్లాజెన్ పొడి, గ్లుటమిన్, పేగు లీకు చెబుతుందని అమ్మే ఆ జోన్యులిన్ టెస్టు. వీటిలో ఏదైనా పనికొస్తుందా?

సూక్ష్మదర్శిని
కొల్లాజెన్ నోట్లో వేసుకుంటే అది అమైనో ఆమ్లాలు, చిన్న పెప్టైడ్‌లుగా విరిగిపోతుంది. శరీరం దాన్ని ఎక్కడ వాడాలో అదే చూసుకుంటుంది, నేరుగా పేగు అతుకుకు వెళ్లి అంటుకోదు. అసలు ఆ అతుకుల్లో ఉండేది కొల్లాజెన్ కాదు కూడా. క్లాడిన్, ఆక్లూడిన్‌లను కణం తన జన్యువు చూసి తానే తయారు చేసుకోవాలి. సరుకు లేక తయారు కావడం లేదనుకుంటే పొరపాటు, వాపు సంకేతం ఆర్డరు మార్చేస్తోంది.

రాత్రిషిఫ్ట్
మీరంతా కొల్లాజెన్ కొనుక్కుంటారా, నా పేగులో అదే ఎక్కువై ఆపరేషన్ అయింది. స్ట్రిక్చర్, అంటే పేగు ఇరుకైపోవడం. కావాలంటే ఇచ్చేసేవాణ్ణి.

వార్డురౌండు
నవ్వించారు గానీ రాత్రిషిఫ్ట్ గారు చెప్పింది చాలా ముఖ్యం. క్రోన్స్‌లో వాపు పేగు గోడ మొత్తం మందానికి పాకుతుంది. మానే ప్రయత్నంలో మయోఫైబ్రోబ్లాస్ట్‌లు అనే మచ్చ కట్టే కణాలు కొల్లాజెన్-1, కొల్లాజెన్-3 గుట్టలుగా పోస్తాయి, కండర పొర కూడా దళసరి అవుతుంది, లోపలి దారి ఇరుకవుతుంది. టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్ ఇందులో పెద్ద పాత్రధారి. ఆ ఫైబ్రోసిస్‌ను, అంటే మచ్చ కట్టి గట్టిపడడాన్ని, కరిగించే మందుగా ఆమోదం పొందినది ఏదీ లేదు, బెలూన్‌తో సాగదీయడమో ఆపరేషనో. తినే కొల్లాజెన్ వల్ల స్ట్రిక్చర్ వస్తుందని కాదు, ఆ భయం వద్దు. కానీ పేగుకు కావాల్సింది కొల్లాజెన్ అన్న మాటే తలకిందులు.

గ్లుటమిన్: ల్యాబ్‌లో కణాలకు మంచిదే. క్రోన్స్ రోగుల మీద కంట్రోల్ పెట్టి చేసిన ట్రయల్స్‌లో పోల్చిన దానికన్నా మెరుగని రుజువు కాలేదు.

జోన్యులిన్ టెస్టు: డబ్బు దండగ. మార్కెట్‌లో ఉన్న కిట్లు కొలిచేది జోన్యులిన్ కాదు, వేరే ప్రొటీన్లు అని 2018లో తేల్చారు. మీ పేగులో వాపు ఉందో లేదో చూడాలంటే మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ ఉంది కదా. అది న్యూట్రోఫిల్స్ నుంచి వస్తుంది, గోడ ప్రొటీన్ కాదు, కానీ పనికొచ్చేది అదే.

గోడకు నిజంగా హాని చేసేవి ఏవంటే, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ జాతి నొప్పి మాత్రలు. ఆ జాతి మాత్రలు గంటల్లోనే పేగు లీకును పెంచుతాయి, కొందరిలో జబ్బు తిరగబెడుతుంది. పొడి కొనాలా వద్దా అని ఇంత ఆలోచించేవాళ్లు తలనొప్పికి ఆ మాత్ర ఆలోచించకుండా వేసేసుకుంటారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నిప్పులేనిపొగ
సరే, గోడనే గురిపెట్టిన మందు ఎందుకు లేదు మరి? ఇంత తెలిశాక కూడా?

సూక్ష్మదర్శిని
ప్రయత్నించారు. లారజోటైడ్ అని టైట్ జంక్షన్లను బిగించే పెప్టైడ్, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు కోసం మూడో దశ ట్రయల్ దాకా వెళ్లి 2022లో ఆగిపోయింది, ఫలితం వచ్చేలా లేదని. ఎంఎల్‌సీకేను పూర్తిగా ఆపేస్తే పేగు కండరాలు కూడా దెబ్బతింటాయి, వాటికీ అదే జన్యువు కావాలి. అందుకే ఎంజైమ్‌ను ఆపకుండా, దాని ఒక రూపం అతుకు దగ్గరికి చేరకుండా అడ్డుకునే డైవర్టిన్ అనే అణువును 2019లో చూపించారు. ఎలుకల్లో బాగా పనిచేసింది, ఇంకా రోగుల దాకా రాలేదు.

క్లాడిన్-2 ను మూసేద్దామా అంటే అదీ అంత సులువు కాదు. టీ కణాల కొలైటిస్‌లో క్లాడిన్-2 లేని ఎలుకలకు జబ్బు తగ్గింది. కానీ పేగు ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు క్లాడిన్-2 ద్వారా నీరు కారి విరేచనమై క్రిమిని కడిగేస్తుంది, అది లేని ఎలుకల్లో ఇన్‌ఫెక్షన్ ముదిరింది. ఒకచోట శత్రువు, ఇంకోచోట కాపలా.

వార్డురౌండు
ఇప్పుడున్న మందులు గోడను బాగు చేయడం లేదనుకోకండి. టీఎన్‌ఎఫ్‌ను ఆపే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందు ఇచ్చాక క్రోన్స్ రోగుల్లో పేగు లీకు తగ్గి మామూలు స్థాయికి వచ్చిందని 2002లోనే కొలిచారు. టీఎన్‌ఎఫ్ ఆగింది, ఎంఎల్‌సీకే తగ్గింది, గోడ సర్దుకుంది. ఇంకా ఆసక్తికరమైనది, ఎండోస్కోపీలోనే కణాల స్థాయి మైక్రోస్కోప్ పెట్టి, ఫ్లోరెసిన్ రంగు ఎక్కించి, అది కణాల మధ్య నుంచి కారుతోందా అని చూస్తారు. రెమిషన్‌లో ఉన్నవాళ్లలో కారడం ఆగినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం తక్కువ. మామూలు ఎండోస్కోపీ, బయాప్సీ చెప్పినదాని కన్నా ఇది మెరుగ్గా అంచనా వేసిందని 2023లో వచ్చింది. అన్ని ఆసుపత్రుల్లో ఉండే పరికరం కాదు, కానీ ముందుముందు మనం చూసే గురి ఇదే కావచ్చు.

వేణువు
చాలా థాంక్స్ అందరికీ. అయితే మెసాలమిన్ కొనసాగిస్తాను, పొడి కొనను. ఒక్క సందేహం మిగిలింది. మా చెల్లికి ఏ లక్షణాలూ లేవు. పైన చెప్పిన ఆ రెండు చక్కెరల పరీక్ష తనకు చేయిస్తే మంచిదా?

వార్డురౌండు
వద్దు. ఆ అధ్యయనం క్రోన్స్ బంధువుల మీద, మీది కొలైటిస్. పైగా లీకు ఎక్కువని తేలినా ఇవ్వడానికి మందేమీ లేదు, ఊరికే దిగులు. ఆ అధ్యయనంలో లీకు ఎక్కువున్నవాళ్లలో కూడా అత్యధికులకు జబ్బు రాలేదు. రక్తం పడడం, రోజుల తరబడి విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే అప్పుడు క్యాల్‌ప్రొటెక్టిన్, కొలనోస్కోపీ. అది సరే, మీ సొంత కొలనోస్కోపీ ఎప్పుడు చేశారు చివరిసారి? జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటితే లక్షణాలు లేకపోయినా క్యాన్సర్ కోసం చూడాలి, మీ డాక్టర్ గారిని అడగండి.

వేణువు
ఎనిమిది దాటింది. ఎవరూ చెప్పలేదు. రేపే ఫోన్ చేస్తాను.